పాలమూరు నుంచి మారుత్ దాకా: బెంగళూరులో యుద్ధ విమానాల యాత్ర

యుద్ధ విమానాల డిజైన్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు మన పాలమూరు, నల్గొండ వైపు చాలామందే ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఎయిర్‌షో ఎప్పుడొస్తుందా అని కూర్చోకండి, ముందు బెంగళూరు వెళ్లి అక్కడి మ్యూజియంలో ఉన్న మన పాత యుద్ధ విమానం మారుత్‌ని చూసి రండి. నేను రెండూ చూశాను. ఎయిర్‌షో గుండె అదిరేలా చేస్తుంది. కానీ విమానం ఎందుకు ఆ ఆకారంలో ఉందో అర్థం కావాలంటే దాని పొట్ట కింద నిలబడి తీరిగ్గా చూడాల్సిందే.

మహబూబ్‌నగర్ నుంచి ప్రయాణం సులువే. కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ మన స్టేషన్లో ఆగుతుంది. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఎక్కితే మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో దిగొచ్చు. గద్వాల ముందు కృష్ణ, కర్నూలు ముందు తుంగభద్ర పగటి వెలుగులో కనిపిస్తాయి. చార్జీ ఎక్కువనుకుంటే మైసూరు ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి ఎక్కి పడుకోవచ్చు, లాడ్జి ఖర్చూ కలిసొస్తుంది. నల్గొండ నుంచి వచ్చేవాళ్లు కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరుకుని హైవే మీద బెంగళూరు బస్సు పట్టుకోవడం మేలు. నాతో వచ్చిన మా మేనల్లుడు నల్గొండవాడే, మెకానికల్ చదువుతున్నాడు. వాడు అలాగే జడ్చర్ల దాకా వచ్చి నన్ను కలిశాడు.

బస విషయంలో నా సలహా: స్టేషన్ దగ్గరుందని యశ్వంతపూర్‌లో గది తీసుకోవద్దు. మేము దిగిన లాడ్జిలో గది చవకే గానీ వేడినీళ్లు రాలేదు, రాత్రంతా లారీల హారన్లు. మరుసటి రోజు ఇందిరానగర్ మెట్రో దగ్గరకు మారాం. అద్దె ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, మెజెస్టిక్‌లో రైలు మారితే చాలు. అక్కడి నుంచి విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ మ్యూజియంకి ఆటోలో వెళ్లిపోవచ్చు.

ఇక మ్యూజియం. హెచ్‌ఏఎల్ వాళ్లు 2001లో దీన్ని పెట్టారు. టికెట్ జేబుకు బరువేమీ కాదు. శిక్షణ విమానం హెచ్‌టీ-2, ఫైటర్ అజీత్, బాంబర్ కాన్‌బెర్రా, ఫిరంగి దళాల గురి సాధన కోసం చేసిన పైలట్ లేని ‘లక్ష్య’... అన్నీ చూడదగ్గవే. మేము మాత్రం ఎక్కువసేపు మారుత్ దగ్గరే ఉండిపోయాం.

హెచ్‌ఎఫ్-24 మారుత్ మన గడ్డ మీదే డిజైన్ చేసి తయారుచేసిన మొదటి జెట్ ఫైటర్. డిజైన్ చేసినాయన కర్ట్ టాంక్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఫాకే-వుల్ఫ్ 190 ఇచ్చిన ఇంజినీరు. ముందు ఇంజన్ లేని నిండు సైజు చెక్క గ్లైడర్ చేసి, 1959లో డకోటా విమానంతో పైకి లాగించి గాలిలో వదిలి చూశారు. అసలు విమానం 1961 జూన్ 17న ఎగిరింది. నడిపింది వింగ్ కమాండర్ సురంజన్ దాస్.

పక్క నుంచి చూడండి. రెక్కలు అతుక్కున్న చోట దాని ఒళ్లు సన్నబడి నడుములా కనిపిస్తుంది. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. రెక్కల వల్ల మందం పెరిగిన చోట ఒంటిని తగ్గిస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. కాక్‌పిట్‌కి అటూ ఇటూ గాలి లోపలికి పోయే నోళ్లలో సగానికి కోసిన శంకువులు ఉంటాయి. ధ్వనిని మించిన వేగంతో వచ్చే గాలిని నెమ్మదింపజేసి ఇంజన్‌కి అందించడానికి పెట్టినవి అవి. మా వాడు వాటిని ఫోటోలు తీస్తూ, “మామా, ఇంత పనిచేసి ఇంజన్ ఎందుకు ఇవ్వలేకపోయారు?” అని అడిగాడు.

ఆ ప్రశ్నే నన్నూ ఎప్పటి నుంచో బాధపెడుతోంది. ధ్వని వేగానికి రెట్టింపు అందుకోవాలని టాంక్ గీసిన ఒళ్లు అది. అందుకు ఆఫ్టర్‌బర్నర్ (ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించి బలం పెంచే ఏర్పాటు) ఉన్న ఆర్ఫియస్ బీఓఆర్-12 ఇంజన్ కావాలి. దాని అభివృద్ధికి డబ్బు సమకూరక ఆ ఇంజన్ రానేలేదు. చివరికి ఒక్కోటి సుమారు 2,200 కిలోల బలంతో ముందుకు తోసే మామూలు ఆర్ఫియస్ 703లు రెండు పెట్టుకున్నారు. ధ్వని వేగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆఫ్టర్‌బర్నర్ జోడించిన మారుత్‌ని పరీక్షిస్తూనే 1970 జనవరిలో సురంజన్ దాస్ ప్రమాదంలో ప్రాణాలొదిలారు. అయినా ఈ విమానాలు మొత్తం 147 తయారయ్యాయి, 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో గట్టిగా పనిచేశాయి. ఇంకెవరైనా దీన్ని విఫలమైన విమానం అంటే నాకు కోపమొస్తుంది.

కబ్బన్ పార్క్ దగ్గరి విశ్వేశ్వరయ్య మ్యూజియంలో కూడా ఒక మారుత్ ఉంది. లోపల రైట్ సోదరుల విమానానికి నిండు సైజు నమూనా పెట్టారు. చిన్నపిల్లలుంటే ఇదే హాయి, మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. సెలవు రోజుల్లో రద్దీ మాత్రం భరించలేం.

ఇక ఎయిర్‌షో. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు శివారు యలహంకలో జరిగిన ఏరో ఇండియా ఎయిర్‌షోకి రష్యా ఎస్‌యూ-57, అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానాలు రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఎస్‌యూ-57 తలకిందులవుతుంటే జనం కేకలే కేకలు. నా కళ్లు మాత్రం మన దేశం తయారుచేయబోయే కొత్త యుద్ధ విమానం ఆమ్కా నిండు సైజు నమూనా మీదే. 25 టన్నుల తరగతి, రెండు ఇంజన్లు, ఆయుధాలు కడుపులోనే. ఇంజన్ ముందరి గాలి గొట్టాన్ని వంపు తిప్పారు. ఇంజన్ బ్లేడ్లు రాడార్‌కి నేరుగా కనబడకూడదని. ఈ ప్రాజెక్టుకి 2024 మార్చిలో కేంద్రం అనుమతిచ్చింది. మొదట వాడబోయేది మాత్రం అమెరికా ఎఫ్-414 ఇంజనే. మన తేలికపాటి ఫైటర్ తేజస్ కోసం మొదలైన కావేరి ఇంజన్ తేజస్‌లోకి చేరలేదు, తేజస్ కూడా అమెరికా ఎఫ్-404 ఇంజన్‌తోనే ఎగురుతోంది. మారుత్ చూసి వచ్చినవాడికి ఈ సంగతి సూదిలా గుచ్చుకుంటుంది.

ఎయిర్‌షో రోజుల్లో యలహంక రోడ్డు మీద గంటలు గంటలు ఇరుక్కుంటాం, గదుల రేట్లు రెట్టింపవుతాయి, నీడ దొరకదు. వృద్ధులతో వెళ్లొద్దు. మన జిల్లాల్లోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలు మాత్రం పిల్లల్ని హెచ్‌ఏఎల్ మ్యూజియంకి తీసుకెళ్లాలి. రాత్రి బస్సు మాట్లాడుకుంటే పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం విశ్వేశ్వరయ్య చూసి మర్నాడు తెల్లారేసరికి ఇల్లు చేరొచ్చు. మారుత్ దగ్గర కనీసం గంట ఆగేలా ప్లాన్ వేసుకోండి.