పాములు చూడటానికి కారు మేలా, కాలినడక మేలా?

పాములను వెతికి చూసే సరదా ఉందని తెలిసినప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే: ఎలా వెళ్తే ఎక్కువ పాములు కనిపిస్తాయి? లెక్కే ముఖ్యమైతే జవాబు సులువు. వాన వెలిసిన రాత్రి కారులో నెమ్మదిగా వెళ్లండి. పగటి ఎండకు కాగిన తారురోడ్డు చీకటి పడ్డాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. కొన్ని పాములు ఆ వెచ్చదనానికే ఆగుతాయి, కొన్ని దాటుతూ కనిపిస్తాయి. నడిచేవాడు రాత్రంతా తిరిగినా చూడలేనంత దారి కారు గంటలో చుట్టి వస్తుంది.

అయినా నేను కారు మానేశాను. లైట్ల వెలుతురు మీద పడగానే పాము చేసేవి రెండే పనులు: బిగుసుకుపోవడం, లేదా గడ్డిలోకి జారుకోవడం. అది ఎటు నుంచి వస్తోందో, దేని కోసం తిరుగుతోందో మనకు తెలిసే వీలే ఉండదు. పైగా తాడుముక్కంత పిల్లపాము టైరు కింద పడ్డాక గానీ కంటపడదు. కారు తోలిన ఆ రోజుల్లో బతికున్న వాటికంటే నలిగినవే ఎక్కువ చూసిన రాత్రులున్నాయి.

ఇక రాళ్లు తిరగేయడం. నేలలోపల బతికే గుడ్డిపాముల వంటివాటిని చూడాలంటే దాదాపు ఇదే దారి, కాదనను. కానీ రాయి కింద ఉండే తడి, చల్లదనం ఏళ్ల తరబడి కుదురుకున్నవి. తిరిగి పెట్టేటప్పుడు రాయి ఏమాత్రం పక్కకు జరిగినా అంచుల్లోంచి గాలి దూరి అంతా ఆరిపోతుంది. పాము కనిపిస్తుంది, నిజమే. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో మనిషి కనిపించినట్టు కనిపిస్తుంది. తప్పదనుకుంటే రాయి అవతలి అంచును మీవైపు ఎత్తండి, మీకూ పాముకూ మధ్య రాయి అడ్డుగా ఉంటుంది. చూశాక ముందు రాయిని ఉన్నచోటే పెట్టి, పామును దానంతటదే కిందికి దూరనివ్వండి.

పొద్దుటి ఎండలో తిరిగితే జెర్రిపోతులు బాగా కనిపిస్తాయి. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేస్తుంటే జత కట్టాయంటారు గానీ, చాలాసార్లు అవి కుస్తీ పడుతున్న రెండు మగపాములు.

నా మొగ్గు రాత్రి కాలినడకకే. పాముకు బయటి చెవులు లేకపోయినా నేలకు ఆనిన దవడ గుండా మన అడుగుల అదురు లోపలి చెవికి చేరుతుంది. అందుకే నడవడంకంటే ఆగడం ముఖ్యం. పది అడుగులు వేసి ఐదు నిమిషాలు నిలబడండి. టార్చి తలకు కట్టుకుంటే కప్పల కళ్లు, సాలీళ్ల కళ్లు మెరుస్తాయి గానీ పాము కళ్లు అలా మెరవవు. నేను చేతి టార్చిని నడుము దగ్గర పట్టుకుంటాను. వెలుగు ఏటవాలుగా పడి నీడ ఏర్పడుతుంది, ఆకుల మధ్య గుండ్రటి ఒళ్లు ఆ నీడవల్లే తెలుస్తుంది.

మొన్న ఒక నీటిగుంట గట్టున అలాగే నిలబడ్డాను. నీరుకట్టు పాము ఒకటి తల నీళ్ల మీదికి చాచి, నాలుక ఆడిస్తూ అంచు వెంట వచ్చింది. టార్చి వెలుగు తగ్గించి పక్కకు తిప్పాను. ఆగి, ఒక్క విసురున కప్ప వెనక కాలు పట్టింది. కప్ప ఒళ్లంతా ఉబ్బించింది. పాము తొందరపడలేదు. ఒకవైపు దవడ, తర్వాత రెండోవైపు దవడ ముందుకు జరుపుకుంటూ పావుగంటసేపు మింగింది. గొంతులో ఉబ్బు కిందికి దిగాక నోరు బార్లా తెరిచి దవడలు సర్దుకుంది. ఆ రాత్రి నాకు కనిపించింది ఆ ఒక్క పామే. అదే రాత్రి కారులో వెళ్లిన మిత్రుడు ఏడు చూశానన్నాడు, అందులో మూడు చచ్చినవి.

ఒక్క చిక్కుంది. కట్లపాము తిరిగేది రాత్రే, దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. నొప్పి లేదని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఏ పామైనా సరే, దాని పొడవుకు మించిన దూరంలో ఉండండి, చెయ్యి పెట్టకండి. చీలమండలు దాటే బూట్లు, తోడుగా ఇంకో మనిషి, జేబులో రెండో టార్చి లేకపోతే మాత్రం రాత్రి నడక వద్దు, పొద్దుటి ఎండకే వెళ్లండి.