బుకారెస్ట్ ఇమ్మిగ్రేషన్ కన్సల్టెన్సీ: రెసిడెన్స్ పనికి ఓకే, పౌరసత్వం ప్యాకేజీకి దండం (5కి 3)

మా ఆయన రొమేనియన్. పెళ్లి గుంటూరులో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకున్నాం, కాగితాల పని మాత్రం ఇండియాలో ఉండగానే బుకారెస్ట్‌లోని ఒక కన్సల్టెన్సీకి అప్పగించాం. పేరు రాయను.

ముందు మంచి చెబుతా. ఫైలు చూసిన అమ్మాయి చాలా జాగ్రత్తమనిషి. మా నాన్న పేరు నా బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఉందని మొదటిరోజే పట్టేసింది, అనువాదానికి పంపకముందే సరిచేయించింది. మ్యారేజ్ సర్టిఫికెట్‌కి ఢిల్లీ విదేశాంగ శాఖ అపొస్టిల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర), ఆ తర్వాత రొమేనియన్‌లోకి గుర్తింపు పొందిన అనువాదకుడితో అనువాదం, ఆపైన మా ఆయన ఊరి ప్రిమారియా (మున్సిపల్ ఆఫీసు) రికార్డుల్లో పెళ్లి ఎక్కించడం, అన్నీ వరసగా చేయించింది. అది ఎక్కేవరకు రొమేనియా రికార్డుల్లో మా ఆయన బ్రహ్మచారే! తర్వాత ఫ్యామిలీ వీసా మీద వచ్చి, దాని గడువుకి కనీసం 30 రోజుల ముందే పెర్మిస్ దె షెదేరెకి, అంటే రెసిడెన్స్ పెర్మిట్‌కి అప్లై చేయాలి. ఆ తేదీ మాకంటే తనకే బాగా గుర్తుంది.

ఆ పెర్మిట్ కోసం జరిగే ఇంటర్వ్యూకి తను చెప్పిన విషయాలు కూడా పనికొచ్చాయి. కాగితాల కోసం చేసుకున్న పెళ్లా కాదా అని తేల్చడానికి ఏం చూడాలో ఇక్కడి చట్టంలోనే రాసి ఉంది: కలిసి ఉంటున్నారా, పెళ్లికి ముందే పరిచయం ఉందా, ఇద్దరికీ అర్థమయ్యే భాష ఒకటుందా, చెప్పే వివరాలు పొంతన కుదురుతున్నాయా, పెళ్లికి డబ్బులేమైనా చేతులు మారాయా. ఆ చివరిదానికి మినహాయింపు ఏంటో తెలుసా, కట్నం! మన దగ్గర 1961 నుంచి నేరమైనది ఇక్కడ మినహాయింపు, ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ నమ్మలేదు.

ఇక అసలు గొడవ. వీళ్ల ఇంకో ప్యాకేజీ ‘పెళ్లితో ఈయూ పాస్‌పోర్ట్’. అలాంటిదేం లేదండీ. రొమేనియా పౌరసత్వ చట్టం (1991 నాటి 21వ నంబరు చట్టం) ప్రకారం పెళ్లి చేసుకున్నా, విడాకులు తీసుకున్నా దానివల్ల పౌరసత్వం రాదు, పోదు. మామూలుగా 8 ఏళ్లు ఉండాల్సిన చోట రొమేనియన్ భర్తతోనో భార్యతోనో పెళ్లి తేదీ నుంచి 5 ఏళ్లు ఇక్కడే కలిసి ఉంటే చాలు, సౌకర్యం అంతవరకే. ఏడాదిలో 6 నెలలకు మించి దేశం బయట ఉంటే ఆ ఏడాది లెక్కలోకి రాదు. భర్త ఉద్యోగం జర్మనీలో అనుకోండి, అక్కడి ఏళ్లు దీనికి పనికిరావు. పైగా భాష రావాలి, 2025 నుంచి బి1 (మధ్యస్థాయి) సర్టిఫికెట్ అడుగుతున్నారు, రాజ్యాంగం, జాతీయగీతం కూడా తెలియాలి. ఇవేవీ చెప్పకుండా అడ్వాన్స్ అడిగారు, మేం కట్టలేదు.

అంతకన్నా కోపం తెప్పించింది ‘రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చు’ అన్న మాట. రొమేనియా ఒప్పుకుంటుంది నిజమే, ఇండియా ఒప్పుకోదుగా! రొమేనియా ప్రమాణం చేశాక ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేయాల్సిందే, కావాలంటే ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకి ఇచ్చే కార్డు) అప్లై చేసుకోవచ్చు. ఇండియన్ల ఫైళ్లు చూసేవాళ్లకి ఇది తెలియకపోతే ఎలా? తెలిసీ చెప్పకపోతే ఇంకా ఘోరం.

విడాకుల గురించి కూడా అడిగాను (మా ఆయన మొహం చూడాలి అప్పుడు). సూటిగానే చెప్పారు. ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు అక్కర్లేదు, నోటరీ దగ్గరే 30 రోజులు ఆగి తీసుకోవచ్చు. పౌరసత్వం వచ్చాక విడిపోతే అది పోదు, కానీ రెసిడెన్స్ పెర్మిట్ పెళ్లి మీద నిలబడింది కాబట్టి ఆ దశలో విడాకులంటే వేరే ఆధారం చూసుకోవాలి.

అన్నట్టు, అనువాదాల ఖర్చు, నోటరీ ఖర్చు వాళ్ల ఫీజులో కలిసి ఉండవు. కట్టేముందే విడివిడిగా రాయించుకోండి.