నల్లగొండలో నా నవలను అచ్చు వేయించుకున్న డీటీపీ దుకాణం

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక జిరాక్స్ సెంటర్ పై అంతస్తులోని చిన్న గదిలో నడిచే డీటీపీ దుకాణంలో నా మొదటి నవలను పుస్తకంగా చేయించుకున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు వాళ్ల రోజువారీ పని. కథల పుస్తకాలు, కవితా సంపుటాలు అప్పుడప్పుడు చేస్తారు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవాలనుకునే మన జిల్లా రచయితలకు పనికి వస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

నవల ఫుట్‌బాల్ గురించి. ముప్పై ఏళ్ల కిందట, ఇంటర్ రెండో సంవత్సరంలో మహబూబ్‌నగర్‌లో ఆడిన ఒక మ్యాచ్ సమంగా ముగిసి పెనాల్టీలకు వెళ్లినప్పుడు, చివరి కిక్ కొట్టవలసిన నేను కాలు పట్టేసిందని చెప్పి పక్కకు తప్పుకున్నాను. నా కాలికి ఏమీ కాలేదు. నా బదులు వెళ్లిన స్నేహితుడు బంతిని గోల్‌పోస్టు పైనుంచి బయటికి కొట్టాడు, ఆ తరువాత మళ్లీ మైదానంలోకి రాలేదు. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న ఆ గోల్, దానికి 12 గజాల దూరంలో సున్నంతో పెట్టిన ఆ చుక్క ఇన్నేళ్లూ నా కళ్ల ముందే ఉన్నాయి. ఈ నవలను రెండేళ్లు రాశాను.

మొదట ఎదురైన ఇబ్బంది అక్షరాలది. నేను ఫోనులో యూనికోడ్‌లో రాసుకున్నాను. వాళ్లు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేస్తారు. మార్పిడిలో పొల్లులు మాయమై, 'ఫుట్‌బాల్' ఉన్న ప్రతిచోటా 'ఫుట్బాల్' అని ట కింద బ వత్తు పడింది. 'గోల్‌కీపర్', 'ఆఫ్‌సైడ్' కూడా అలాగే చెడిపోయాయి. టైపు చేసే అమ్మాయి విసుక్కోకుండా ఒక్కొక్క మాటనూ వెతికి సరిచేసింది గాని, మొదటి ప్రూఫులో ఇంకా చాలా మిగిలాయి. యూనికోడ్‌లో రాసేవారు, దాన్ని నేరుగా తీసుకునే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసే చోటు దొరికితే ఈ శ్రమ చాలావరకు తప్పించుకోవచ్చు.

అయినా నేను ఈ దుకాణాన్ని మెచ్చుకోవడానికి కారణం అక్కడ ప్రూఫులు దిద్దే పెద్దాయన. ఆయన పదవీ విరమణ చేసిన తెలుగు సారు. చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగారట. నవలలో పీఈటీ సారు పిల్లలకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచిన సంగతి, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం (రహీం సాబ్) శిక్షణలో భారత జట్టు 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన సంగతి చెప్పే ఘట్టం ఉంది. అదే పాత్ర 1964లో రహీం సాబ్‌ను కలిసినట్టు నేను రాశాను. ఆయన 1963లోనే పోయారని సారు అంచున ఎర్ర సిరాతో రాసి పెట్టారు.

అంతకంటే పెద్ద దిద్దుబాటు ఇంకొకటి. కీలకమైన అధ్యాయంలో "చివరి పెనాల్టీ అతనికి అప్పగించబడింది" అని రాసుకున్నాను. సారు ఆ వాక్యం చుట్టూ గీత గీసి, "ఎవరు అప్పగించారు? తెలుగు వాక్యంలో కర్త కనబడాలి" అని రాశారు. ఆయనకు నా కథ తెలియదు. వ్యాకరణం కోసమే అడిగారు. నేను ఆ కాగితం పట్టుకుని దుకాణం మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. రెండేళ్లు రాసి కూడా ఆ ఒక్కచోట నేను మళ్లీ తప్పుకున్నానని అర్థమైంది. "చివరి పెనాల్టీని నేనే అతని మీదికి నెట్టేశాను" అని మార్చాను. దానితో ఆ అధ్యాయంలో ఏడు పేజీలు తిరగరాయవలసి వచ్చింది. ఆ పేజీలను మళ్లీ టైపు చేసినందుకు వాళ్లు అదనంగా ఏమీ తీసుకోలేదు.

అచ్చు విషయంలో వాళ్లకు మంచి అనుభవం ఉంది. డెమ్మీ సైజులో పుస్తకం 181 పేజీలకు వస్తే, అక్షరం చిన్నది చేయకుండా పేజీకి ఒక వరుస పెంచి 176కు, అంటే పదహారేసి పేజీల ఫారాలు సరిగ్గా పదకొండుకు తెచ్చి కాగితం ఖర్చు తగ్గించారు. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో ఉచితంగానే ఇస్తారని చెప్పి దరఖాస్తు కూడా వాళ్లే నింపి పెట్టారు. అట్ట మీది పచ్చరంగు మాత్రం కంప్యూటర్ తెర మీద చూసినదానికంటే బాగా ముదురుగా వచ్చింది. ముందుగా ఒక నమూనా అచ్చు తీసి చూపించి ఉండవలసింది.

నాకు నిజంగా బాధ కలిగించింది ఆలస్యం. చెప్పిన తేదీకి మూడు వారాల తరువాత గాని పుస్తకాలు రాలేదు. దేవరకొండలో ఉంటున్న ఆ స్నేహితుడికి ఫలానా రోజు వస్తానని మాట ఇచ్చి ఉన్నందున, ఎర్ర సిరా దిద్దుబాట్లున్న ప్రూఫు కాగితాలనే కుట్టించి తీసుకుపోయి ఇచ్చాను. సారు గీత గీసిన ఆ వాక్యం దగ్గర అతను ఆగి, రెండుసార్లు చదివి, "ఆ రోజు నీ కాలు బాగానే ఉందని నాకు తెలుసురా" అన్నాడు.

ఆలస్యానికి బదులుగా దుకాణం వాళ్లు పది ప్రతులు ఎక్కువ ఇచ్చారు. రెండో ముద్రణకు కూడా అక్కడికే వెళ్తాను. తేదీ మాత్రం రసీదు మీద రాయించుకుంటాను, ప్రూఫు రెండుసార్లూ ఆ సారే చూడాలని ముందే అడుగుతాను.