చైనా హలాల్ టూర్: తిండికి నూటికి నూరు, నమాజ్ టైముకి యాభై

ముస్లిం ఫ్రెండ్లీ టూర్ అని చెప్పి చైనా తీసుకెళ్ళే కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మేము వాటిలో ఒకదానితో వెళ్ళొచ్చాం, నేను, మా ఆయన, మా అత్తమ్మ. గ్వాంగ్జౌలో దిగి, అక్కణ్ణుంచి షియాన్, తర్వాత కైఫెంగ్, చివర్లో బీజింగ్. వెళ్ళొచ్చా అని అడిగితే తప్పకుండా వెళ్ళమనే చెబుతాను. కానీ డబ్బు కట్టేముందు "భోజనం హలాలేనా" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోకండి. దానికి అందరూ అవుననే అంటారు, చాలావరకు నిజమే కూడా. అడగాల్సింది ఏంటంటే ఏ ఊళ్ళో గైడ్ ఎవరు, అసర్, అంటే సాయంత్రం పూట నమాజ్, రోజూ ఎక్కడ చదివిస్తారు. మా టూర్ ఏ రోజు బాగుంది, ఏ రోజు చప్పగా సాగింది అన్నది ఈ రెండింటి మీదే తేలింది.

తిండి సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్ళకి మొదటి టెన్షన్ అదే. చైనాలో హలాల్ హోటల్‌కి చింగ్‌జెన్ అని బోర్డు ఉంటుంది, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో. ఇదివరకు దాని పక్కనే అరబ్బీలో హలాల్ అని కూడా రాసేవాళ్ళు, ఇప్పుడు చాలా చోట్ల ఆ అరబ్బీ అక్షరాలు తీసేశారు, అందుకని ఆ రెండు చైనా అక్షరాలనే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మా గైడ్ మొదటి రోజే వాటిని పెద్దగా ప్రింటు తీసి అందరికీ ఇచ్చింది, అత్తమ్మ ఆ కాగితం పర్సులో పెట్టుకుని రోడ్డు మీద ప్రతి బోర్డుతోనూ పోల్చి చూసేది. లాంజౌ నూడుల్స్ అమ్మే చిన్న కొట్లు దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉన్నాయి, వాటిని నడిపేది ఎక్కువగా చింగ్‌హాయ్, గాన్సు వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు. పిండి ముద్దని మన కళ్ళ ముందే సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి దారాల్లా చేసి గొడ్డుమాంసం పులుసులో వేసిస్తారు. కంపెనీ పెట్టే భోజనం నచ్చని పూట కూడా ఆకలితో ఉండే పరిస్థితి రాదు.

ఒక్కసారి మాత్రం దెబ్బ కొట్టారు. షియాన్ దగ్గర టెర్రకోట సైనికుల్ని, అంటే ఆ పాత మట్టి బొమ్మల సైన్యాన్ని చూసి వస్తుంటే మధ్యాహ్నం ఒక సీఫుడ్ హోటల్ దగ్గర బస్సు ఆపి, "ఇక్కడ మీకు పోర్క్ పెట్టరు, చేపలు, కూరగాయలే" అన్నారు. పక్క బల్ల మీద పోర్క్ ఉంది, బీరు ఉంది, వంటగది ఒక్కటే. పోర్క్ వడ్డించకపోతే హలాల్ అయిపోతుందా? అక్కడ చాలా హోటళ్ళలో కూరగాయలు కూడా పంది కొవ్వులో వేయిస్తారన్న సంగతి ఆ కంపెనీకి తెలియనిది కాదు. మా ఆయన లేచి గట్టిగా అడిగేసరికి మాకు పళ్ళు, బ్రెడ్డు తెప్పించారు, సాయంత్రం క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత అలా జరగలేదు. అయినా ప్రోగ్రాం కాగితం మీద ప్రతి పూటా హోటల్ పేరు రాయించుకోండి, "ముస్లిం భోజనం" అని ఉత్తినే రాసి ఉంటే ఒప్పుకోవద్దు.

ఇక షియాన్. ఈ టూర్ మొత్తానికి ప్రాణం ఈ ఊరే. ఇక్కడ మాకు వచ్చిన గైడ్ ఒక హుయ్ ముస్లిం (చైనా భాష మాట్లాడే అక్కడి ముస్లింలు) అమ్మాయి, ముస్లిం వాడలోనే పుట్టి పెరిగింది, హిజాబ్ వేసుకుని సలాం చెబుతూ ఎదురొచ్చింది. పెద్ద మసీదు దగ్గర ఆ పిల్ల చెప్పిన తీరు నేను మర్చిపోలేను. బయటి నుంచి చూస్తే అది మసీదని ఎవరూ అనుకోరు, గుమ్మటం లేదు, ఎత్తైన మీనార్లు లేవు, అన్నీ చెక్క దూలాలు, నీలం పెంకుల పైకప్పులు, ఒకదాని వెనక ఒకటి నాలుగు ప్రాంగణాలు. 742లో మొదలైందని అక్కడి శిలాఫలకం చెబుతుంది, ఇప్పుడున్న రూపం మాత్రం మింగ్ రాజుల కాలం నాటిది, 1392 నుంచి. ఆ అమ్మాయి మమ్మల్ని ప్రాంగణం మధ్యలో నిలబెట్టి దిక్కు చూడమంది. చైనాలో గుళ్ళు, రాజభవనాలు దక్షిణం వైపు ముఖం పెట్టి ఉత్తర దక్షిణాలుగా కడతారు, ఇది మాత్రం తూర్పు నుంచి పడమరకి సాగుతుంది, ఎందుకంటే ఖిబ్లా, అంటే నమాజ్‌కి తిరగాల్సిన మక్కా దిక్కు, అటు ఉంది. మధ్యలో ఉన్న ఎనిమిది పలకల చెక్క మేడే వీళ్ళ మీనారు. నమాజ్ హాలు లోపల గోడల నిండా చెక్క పలకల మీద ఖురాన్ చెక్కి ఉంది, అరబ్బీలోనూ చైనా భాషలోనూ. ఆ హాల్లోకి ముస్లింలని మాత్రమే రానిస్తారు, మిగతా టూరిస్టులు గుమ్మం దగ్గరే ఆగి ఫొటోలు తీసుకుంటుంటే మేము చెప్పులు విడిచి లోపలికెళ్ళి జుహర్, అంటే మధ్యాహ్నం నమాజ్ చదువుకున్నాం. ముస్లింలకి టికెట్ కూడా అడగలేదు.

మసీదు దాటాక అందరూ వెళ్ళే బెయ్‌యువాన్‌మెన్ వీధి ఉంది కదా, ఆ 1380 నాటి డ్రమ్ టవర్ వెనకాలది, అక్కడ జనం తొక్కిసలాట, రేట్లు కూడా టూరిస్టుల రేట్లే. మా గైడ్ మమ్మల్ని పక్క సందుల్లోంచి సాజిన్‌చియావో వైపు తీసుకెళ్ళింది, అక్కడి వాళ్ళు తినేది అక్కడేనట. పావ్‌మో అనే రొట్టె, పులుసు వంటకం తినడానికి కూర్చుంటే ముందు తిండి రాదు, ఖాళీ గిన్నె, అందులో రెండు గట్టి రొట్టెలు వస్తాయి. వాటిని మనమే చేత్తో తుంచాలి, సోయా గింజంత ముక్కలుగా, ఓపిగ్గా. పెద్ద ముక్కలు చేస్తే పులుసు లోపలిదాకా పట్టదు. పక్క బల్ల మీది ముసలాయన మా ఆయన తుంచిన ముక్కలు చూసి తల అడ్డంగా ఊపి, తన గిన్నె చూపించాడు. తుంచడం అయ్యాక గిన్నెకి ఒక నంబరు క్లిప్పు పెట్టి లోపలికి తీసుకుపోతారు, ఎవరి గిన్నె వాళ్ళకే వస్తుంది, మేకమాంసం పులుసులో ఉడికి, సేమియాలాంటి గాజు నూడుల్స్‌తో, పక్కన తీపి ఊరగాయ వెల్లుల్లి, మిరప ముద్ద. మన నోటికి కారం తక్కువే, ఆ మిరప ముద్ద మొత్తం కలిపేసుకున్నా ఏం కాదు. పొద్దున్నే అయితే మాంసం ఉండలు వేసిన హులాతాంగ్ అని చిక్కటి మిరియాల సూపు దొరుకుతుంది, జలుబు ఉన్నవాళ్ళకి అమృతం.

ఇప్పుడు నమాజ్ గురించి. ఇలాంటి టూర్లు ఎక్కువగా మలేషియా, ఇండోనేషియా వాళ్ళని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి. వాళ్ళు షాఫయీ పద్ధతి పాటించేవాళ్ళు, ప్రయాణంలో జుహర్, అసర్ కలిపి ఒకేసారి చదువుకుంటారు, అందుకని కంపెనీ మధ్యాహ్నం ఒక్కసారి మసీదు దగ్గర ఆపి మళ్ళీ సాయంత్రం హోటల్‌కి చేర్చేదాకా పట్టించుకోదు. మనలో ఎక్కువమంది హనఫీ పద్ధతి వాళ్ళం. ప్రయాణంలో ఖస్ర్ చేసి, అంటే తగ్గించి, నాలుగు రకాతుల్ని రెండుగా చదువుతాం గానీ రెండు పూటల నమాజ్ కలపం కదా. మాతో వచ్చిన మలేషియా వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, మాకు మాత్రం రోజూ అసర్ టైముకి టెన్షనే. టెర్రకోట మ్యూజియం దగ్గర పార్కింగ్‌లో బస్సు వెనక జానమాజ్ (నమాజ్ చాప) పరుచుకుని చదివాం, అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ బస్సు సీట్లోనే కూర్చుని చదువుకుంది. విచిత్రం ఏంటంటే చైనా హుయ్ ముస్లింలు కూడా హనఫీలే! షియాన్ అమ్మాయికి చెప్పగానే అర్థమైంది, మర్నాడు సిటీ గోడ మీద తిరిగే ప్రోగ్రాం గంట వెనక్కి జరిపి అసర్‌కి మసీదులో దింపింది. మిగతా ఊళ్ళలో ఎన్నిసార్లు చెప్పినా "షెడ్యూల్ ఇంతే" అన్నారు. ముస్లిం ఫ్రెండ్లీ అని పేరు పెట్టుకుని డబ్బు ఎక్కువ తీసుకుంటున్నప్పుడు ఇది వాళ్ళు చూసుకోవాల్సిన పని, మేము బతిమాలాల్సిన పని కాదు. అజాన్, అంటే నమాజ్ పిలుపు కూడా బయటికి మైకులో వినపడదు, కాబట్టి టైములు ఫోన్‌లో పెట్టుకోండి. దేశం మొత్తానికి ఒకటే గడియారం, బీజింగ్ టైము, షియాన్ పడమరగా ఉంది కాబట్టి అక్కడ మగ్రిబ్ (పొద్దు గూకగానే చదివే నమాజ్) గడియారం ప్రకారం బాగా ఆలస్యంగా వస్తుంది.

కైఫెంగ్‌ని చాలా కంపెనీలు వదిలేస్తాయి. మా టూర్ తీసుకోవడానికి నాకు సగం కారణం ఈ ఊరే. ఉత్తర సాంగ్ రాజుల రాజధాని అని, 960 నుంచి 1127 వరకు వెలిగిందని అందరూ చెబుతారు, నేను వెళ్ళింది వాంగ్‌జియా హుటాంగ్ అనే సందులో ఉన్న ఆడవాళ్ళ మసీదు కోసం. 1820లో కట్టింది, చైనాలో మిగిలి ఉన్న ఆడవాళ్ళ మసీదుల్లో అన్నిటికంటే పాతదిగా చెబుతారు. చిన్న ముంగిలి, చిన్న హాలు, అంతే. కానీ అక్కడ నమాజ్ చేయించేది, పిల్లలకీ పెద్దవాళ్ళకీ దీన్, అంటే మతం సంగతులు నేర్పేది ఆడ అహోంగ్, అంటే ఆడ ఇమామ్ లాంటి ఆవిడ. ఆడవాళ్ళ వరుసలోనే, ముందుకి రాకుండా మధ్యలో నిలబడి చదివించింది. అత్తమ్మ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని చదివింది. భాష రాదు, ఇద్దరికీ తెలిసినవి సలాం, సూరాలే, అయినా నమాజ్ అయ్యాక ఆవిడ అత్తమ్మ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి టీ పోసింది. అత్తమ్మ అరవై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి ఆడవాళ్ళ జమాత్, అంటే అందరూ కలిసి చదివే నమాజ్ చూసింది. మాకు అక్కడ ఇచ్చింది అరగంట. సాయంత్రం రాత్రి బజారుకి మాత్రం మూడు గంటలు! ఇలాంటి చోట టైము కోయడం నాకు అస్సలు నచ్చలేదు.

గ్వాంగ్జౌ గురించి ఎక్కువ చెప్పను. హువాయ్‌షెంగ్ మసీదు మీనారు, దాదాపు 36 మీటర్ల నున్నటి గుండ్రటి స్తంభం, చూసి తీరాలి, పాత రోజుల్లో రేవుకొచ్చే ఓడలకి దీపస్తంభంగా కూడా పనికొచ్చిందంటారు. శుక్రవారం జుమ్మాకి షియాన్‌షియాన్ మసీదుకి తీసుకెళ్ళారు, ఆఫ్రికా వాళ్ళు, అరబ్బులు, మన దేశం వ్యాపారులు, అందరూ అక్కడే, బయట కబాబుల బళ్ళు. అక్కడున్న సమాధి ప్రవక్త సహచరుడు సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ గారిదని గైడ్ ఖాయంగా చెప్పేశాడు. అది చైనా ముస్లింల నమ్మకం, దానికి గౌరవం ఇవ్వాల్సిందే, కానీ ఆయన మదీనాలో ఖననం అయ్యారన్నదే మన కితాబుల్లో ఉన్న మాట. రెండూ చెప్పి ఉంటే బాగుండేది.

బీజింగ్‌లో గైడ్ మంచి అబ్బాయే, ముస్లిం కాదు. ఫర్బిడెన్ సిటీలో అదరగొట్టాడు, టికెట్లు వారం ముందే పాస్‌పోర్టు నంబర్లతో బుక్ చేసి పెట్టాడు (సోమవారం మూసి ఉంటుంది, సొంతంగా వెళ్ళేవాళ్ళు చూసుకోండి). న్యూజియే మసీదు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇది 996లో కట్టారు, ఇరవై నిమిషాలు" అని గేటు దగ్గరే నిలబడిపోయాడు. చంద్రుణ్ణి చూసి నెల తేల్చడానికి కట్టిన ఆరు పలకల మేడ గేటు వెనకే ఉంది, దాన్ని దాటి చుట్టూ తిరిగి తూర్పు వైపు నుంచి హాల్లోకి వెళ్ళాలి. ఎర్ర స్తంభాల మీద బంగారు రంగులో అరబ్బీ, పక్కన ఆడవాళ్ళకి వేరే హాలు, వెనక యువాన్ రాజుల కాలంలో బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడే పోయిన ఇద్దరు షేకుల సమాధులు. ఇవన్నీ మేమే వెతుక్కుని చూశాం. షియాన్ అమ్మాయి లాంటి మనిషి ఇక్కడ ఉండి ఉంటే అని అందరం అనుకున్నాం.

ఇంకో సంగతి, ఈ మధ్య ఏళ్ళలో చైనాలో చాలా మసీదుల గుమ్మటాలు, నెలవంకలు తీయించి చైనా తరహా పైకప్పులు వేయించారు. మాతో వచ్చినవాళ్ళలో ఒకాయన దాని గురించి షియాన్ గైడ్‌ని పదే పదే అడిగాడు, ఆ పిల్ల నవ్వి మాట మార్చింది. దయచేసి అలా అడగకండి. మనం తిరిగి ఇంటికొచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉండాలి.

చిన్నాచితకా విషయాలు: బాత్రూముల్లో జెట్ స్ప్రే ఉండదు, ఖాళీ సీసా ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. గూగుల్, వాట్సాప్ హోటల్ వైఫైలో పనిచేయవు, మన సిమ్ రోమింగ్‌లో పనిచేశాయి. అక్కడివాళ్ళు మాట్లాడుకోవడానికీ డబ్బు కట్టడానికీ వాడే విచాట్ యాప్ మన దేశంలో 2020 నుంచి నిషేధం, యూపీఐ అక్కడ నడవదు, అందుకని చిల్లరగా యువాన్లు (చైనా డబ్బు) దగ్గర ఉండాలి. జేడ్ షాపు, సిల్కు షాపు అంటూ ప్రతి ఊళ్ళో ఒకచోట దింపి గంటసేపు కూర్చోబెడతారు, కొనకపోయినా ఎవరూ ఏమీ అనలేదు, కానీ అదే గంట కైఫెంగ్‌లో ఇవ్వొచ్చు కదా అని నా బాధ.

కంపెనీకి ఫీడ్‌బ్యాక్‌లో నేను గట్టిగా రాసింది ఒకటుంది, చువాన్‌జౌ అనే ఊరు కలపమని. పాతకాలపు యాత్రికుడు ఇబ్న్ బతూతా జైతూన్ అని రాసిన రేవు అదే, 1009లో మొదలైన రాతి మసీదు ఇప్పటికీ నిలబడి ఉంది, మన దక్షిణాది వర్తకులు కట్టుకున్న గుడి రాళ్ళు, తమిళ శాసనం కూడా ఆ ఊళ్ళో దొరికాయి, 2021లో యునెస్కో గుర్తించింది. సముద్రం మీద వచ్చిన ఇస్లాం ఎలా ఉండేదో తెలియాలంటే బీజింగ్‌లో రెండో రోజు షాపింగ్ తీసేసి అక్కడికి తీసుకెళ్ళాలి. ఆ ఊరు కలిపి, షియాన్ అమ్మాయి లాంటి గైడ్లని పెడితే ఇంకోసారి డబ్బు కట్టడానికి మేము రెడీ. వెళ్ళేవాళ్ళు మాత్రం అక్టోబర్ మొదటి వారం తప్పించుకోండి, వాళ్ళ జాతీయ సెలవులు అప్పుడే, రైలు టికెట్లు కూడా దొరకవు.