సూర్యాపేటలో అనుకోకుండా ఒక రోజు: చాంబర్ పగిలిన విజయవాడ ప్రయాణం

పోయిన నెల అమ్మవారి దర్శనానికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం, నేను, మా ఆవిడ, అత్తయ్య, పాప. ఎండ పడకముందే వెళ్ళిపోదామని తెల్లవారుజామున మూడున్నరకే ఇల్లు వదిలాం. నకిరేకల్ దాటాక, కొర్లపహాడ్ టోల్ ఇంకా రాకముందు, ముందున్న లారీ సడెన్‌గా పక్కకి తప్పుకుంది, దాని వెనకాల రోడ్డు మీద రాళ్ళున్నాయని నాకు కనపడేసరికే కింద ధన్ మని శబ్దం, కాళ్ళకింద ఫ్లోర్ అదిరింది.

పది సెకన్లలో మీటర్‌లో ఎర్రగా ఆయిల్ లైట్ వెలిగింది. ఎడమ పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేశాను. ఆ ఒక్క పనే నన్ను కాపాడింది. దిగి ఫోన్ లైట్ వేసి చూస్తే రోడ్డు మీద నల్లగా గీత, కారు కింద ఆయిల్ ధారగా కారుతోంది.

వెనక్కి నడిచి చూస్తే తలకాయంత రాళ్ళు మూడు, పక్కన ఎండిపోయిన వేపకొమ్మ. ఏదో లారీ బ్రేక్‌డౌన్ అయితే వెనక వచ్చేవాళ్ళకి తెలియాలని పెట్టుకున్నారు, రిపేర్ అయ్యాక రాళ్ళు అక్కడే వదిలేసి పోయారు. ఒక రాయి మీద తెల్లగా కొత్త గీరుడు, అది నా బండిదే. బైక్ మీద వచ్చేవాడు దానికి తగిలితే ప్రాణమే పోతుంది కదా. బండ్లు లేని టైమ్ చూసుకుని మూడూ పక్కకి దొర్లించేశాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి.

1033కి ఫోన్ చేశాను, హైవే హెల్ప్‌లైన్ అది, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. ఎక్కడున్నారంటే కిలోమీటర్ రాయి మీద నంబర్ చదివి చెప్పాను. అరగంటలోపే పెట్రోలింగ్ బండి వచ్చింది, వెనకాల కోన్‌లు పెట్టారు, తర్వాత క్రేన్ వచ్చి టోల్ ప్లాజా పక్కదాకా లాగింది, రూపాయి అడగలేదు. అత్తయ్యకి కూర్చోడానికి కుర్చీ కూడా తెచ్చిచ్చారు. ఇన్సూరెన్స్‌తో వచ్చే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మాత్రం నలభై నిమిషాలని చెప్పి రెండుంపావు గంటలకి వచ్చింది, మధ్యలో నాలుగుసార్లు నేనే ఫోన్ చేసుకోవాల్సి వచ్చింది.

సూర్యాపేటలో ముందు ఒక పెద్ద షోరూమ్ సర్వీస్‌కి తీసుకెళ్ళారు. బండి లేపి చూడకుండానే "ఇంజిన్ ఓపెన్ చేయాలి, వారం పడుతుంది" అన్నారు. నాకు నచ్చలేదు. ఆ పక్కనే ఉన్న టీ కొట్టాయన చెప్పిన మెకానిక్‌ని పిలిచాను. అతను వస్తూనే అడిగిన మొదటి మాట, "సార్, లైట్ వచ్చినంక మల్ల స్టార్ట్ చేసిండ్రా?" లేదన్నాను. "మంచి పని చేసిండ్రు. చేస్తే ఆయిల్ లేక ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అయితుండె." కింద దూరి చూసి చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అది ఒక్కటే పగిలిందన్నాడు. పగుళ్ళకి పూసే ఎంసీల్ ముద్ద పెట్టి పంపిస్తావా అంటే వద్దు సార్, విజయవాడ దాకా ఆగదు, కొత్తదే వేద్దాం, హైదరాబాద్ నుంచి రేపు పొద్దునకి వస్తది అన్నాడు.

చాంబర్, ప్యాకింగ్, ఆయిల్, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపి 9,400 అయ్యింది. క్లెయిమ్ చేయలేదు. ఆయిల్ లాంటి వాడితే అయిపోయే వాటికి, విడిగా కన్స్యూమబుల్స్ కవర్ తీసుకోకపోతే, ఎలాగూ డబ్బు ఇవ్వరు, పైగా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, 45 శాతం దాకా వచ్చింది, అది పోతుంది, రెండు మూడేళ్ళ ప్రీమియం లెక్కేస్తే చేతి నుంచి పెట్టుకోవడమే నయమనిపించింది. కానీ ఇంజిన్ సీజ్ అయ్యుంటే లెక్క వేరు. ఆయిల్ లేకుండా నడిపి పాడైన ఇంజిన్‌కి మామూలు పాలసీలో డబ్బు రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. నేను ఈసారి రెన్యూవల్‌లో తీసుకుంటున్నాను.

ఆ రాత్రి బస్టాండ్ దగ్గర్లో లాడ్జిలో ఉన్నాం. 1,300కి ఏసీ రూమ్, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూమ్ ఫర్వాలేదు, కాకపోతే రాత్రంతా బస్సుల హారన్లే. విజయవాడలో బుక్ చేసిన హోటల్‌కి ఫోన్ చేసి ఒకరోజు జరపమంటే కుదరదన్నారు, మొత్తం డబ్బు పోయింది, అది మాత్రం బాధగా ఉంది.

మధ్యాహ్నం ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఆటో మాట్లాడుకుని సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి ఊరికి వెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఆ హైవే మీద తిరుగుతూ ఒక్కసారీ ఆగలేదు! కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు, ఎరకేశ్వరాలయం బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిందట. నల్లరాతి స్తంభాలు ఎంత నునుపంటే పాప అరచేయి పెట్టి అటూ ఇటూ జరుపుతూ వదల్లేదు, చల్లగా ఉంది నాన్నా అంటూ. ఆ మండపంలో గంటసేపు కూర్చున్నాక అత్తయ్య పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

మర్నాడు పదకొండింటికి బండి చేతికొచ్చింది. మెకానిక్ పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కింద అట్టముక్క పరిచి, ఒక్క చుక్క కూడా పడలేదని నాకు చూపించాకే డబ్బు తీసుకున్నాడు.