వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళొచ్చాం

మా నాన్నగారికి 76 ఏళ్ళు. ఆయన నాయనమ్మ 1921లో, పెంచిన పన్నులకు ఎదురుతిరిగిన చీరాల-పేరాల ఉద్యమంలో, పేరాలలో సొంత ఇల్లు వదిలేసి, ఊరి బయట రామనగర్ తాటాకు పాకల్లో కాపురం చేసిన మనిషి. ఆ కబుర్లు వింటూ పెరిగారాయన. "ఆ రోజుల్లో పేపర్లు మన ఊరి గురించి ఏం రాశాయో ఒక్కసారి కళ్ళారా చూడాలమ్మా" అని ఎన్నాళ్ళుగానో అంటున్నారు. పాత పేపర్లంటే చీరాల దగ్గరున్న వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయమే అని తెలిసినవాళ్ళంతా చెప్పారు. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందే, విజయవాడ నుంచి కారులో బయల్దేరాం. నాన్నగారు, మా ఆయన, నేను.

దారిలో పెదవడ్లపూడి దగ్గర ఆగాలన్నది నా కోరిక. 1935లో ఇక్కణ్ణుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనిక అది. అప్పట్లో జనం పడవల మీదే ప్రయాణం చేసేవాళ్ళు. పడవలో కూర్చున్నంతసేపూ చదువుకోవచ్చు, దారిలో ఊళ్ళవాళ్ళు పుస్తకాలు తీసుకోవచ్చు. గ్రంథాలయానికి రాలేని మనిషి దగ్గరికి గ్రంథాలయమే వెళ్ళడమన్నమాట. ఇప్పుడు అక్కడ చూడటానికి కాలువ, గట్టు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి చెప్పే పలక కూడా మా కంట పడలేదు. పిల్లల్ని తీసుకెళితే కథ మీరే చెప్పుకోవాలి. నాకు మాత్రం ఆ గట్టు మీద నిలబడ్డ పది నిమిషాలు ఎంతో విలువైనవిగా అనిపించాయి.

అక్కణ్ణుంచి తెనాలి, పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల. మధ్యలో ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం బోర్డు కనిపిస్తే ఆగాం. బోర్డు మీద రాసిన వేళల ప్రకారం తెరిచి ఉండాలి, తాళం వేసి ఉంది. మెట్ల మీద ముగ్గురు కుర్రాళ్ళు పోటీ పరీక్షల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద మనందరం కడుతున్నాం. ఆ పిల్లల్ని అలా మెట్ల మీద చూసి చాలా బాధేసింది.

బస సంగతి చెప్పాలి. మొదటి రాత్రి చీరాలలో స్టేషనుకు దగ్గరగా ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు వస్తాయని ఫోన్లో చెప్పినవాళ్ళు, పొద్దున అడిగితే గీజరు పాడైందన్నారు. పెద్దాయన ఉన్నారని బతిమాలితే ఒక బకెట్టు కాచి తెచ్చారు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. రైలు కూతలకు నిద్ర పట్టనివాళ్ళు వెనకవైపు గది అడగండి. రెండో రాత్రి రామాపురం బీచ్ దగ్గర రిసార్టుకు మారాం. అద్దె రెట్టింపు పైనే, కానీ గది విశాలంగా ఉంది, పొద్దున్నే సముద్రం. గ్రంథాలయం కోసమే వెళ్ళేవాళ్ళకు చీరాల చాలు. ఇంటిల్లిపాదీ వెళుతుంటే బీచ్ వైపు ఉండండి. టిఫినుకు మాత్రం చీరాల బజారుకే రండి. నేతి కారప్పొడి ఇడ్లీ, అల్లం చట్నీతో పెసరట్టు తిన్నాక నాన్నగారు వేడినీళ్ళ గొడవ మరిచిపోయారు.

చీరాల నుంచి వేటపాలెం పది కిలోమీటర్లు కూడా ఉండదు. రైల్లో వచ్చేవాళ్ళు వేటపాలెం స్టేషన్లో అన్ని బళ్ళూ ఆగవని గుర్తుంచుకుని, చీరాలలో దిగి ఆటోలో రావడం మేలు. గ్రంథాలయం వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏ పత్రిక, ఏ సంవత్సరం కావాలో కూడా ముందే చెబితే వాళ్ళకూ వీలుగా ఉంటుంది.

సారస్వత నికేతనం 1918లో మొదలైంది. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు, ఆ ఊరి యువకులు కలిసి పెట్టుకున్నది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1914 ఏప్రిల్లో, విజయవాడ రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయాలవాళ్ళంతా మహాసభ పెట్టుకుని, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటు చేసుకున్నారు. దాని వెనక అలుపెరగని శ్రమ అయ్యంకి వెంకటరమణయ్య గారిది. అదే నెలలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మద్రాసు నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా తెచ్చారు. ఒకవైపు చదవడానికి పేపరు, మరోవైపు కూర్చుని చదువుకునే చోటు. ఆ రెండూ వేటపాలెం లాంటి నేతగాళ్ళ ఊరి దాకా చేరాయంటే ఆ ఊరివాళ్ళు చేతి డబ్బు, ఒంటి కష్టం పెట్టబట్టే. గ్రంథాలయ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1948లో గానీ రాలేదు. అప్పటికి ఈ గ్రంథాలయానికి 30 ఏళ్ళు.

1929లో గాంధీజీ వచ్చి ఇక్కడి భవనానికి శంకుస్థాపన చేశారు. విరిగిన ఆయన చేతికర్రను నేటికీ దాచి ఉంచారు. అందరూ దాని కోసమే అడుగుతారు. మేమూ చూశాం, దణ్ణం పెట్టుకున్నాం. కానీ ఈ గ్రంథాలయం అసలు సంపద పాత పత్రికల సంపుటాలు. పరిశోధన చేసేవాళ్ళు విదేశాల నుంచి కూడా వీటి కోసమే వస్తారు.

మేము అడిగిన 1921 సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్ట విప్పగానే పాత కాగితం వాసన. అంచులు బెల్లం రంగుకు తిరిగాయి. వేలితో ఒక మూల పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. పేజీ తిప్పడం మాకు చేతకాలేదు. అక్కడి ఉద్యోగి రెండు అరచేతులూ కాగితం కిందికి పోనిచ్చి, నిద్రపోయే పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, అవతలి వైపు పడుకోబెట్టారు. ఒక్కో పేజీకీ అంతే ఓపిక. అమృతాంజనం ప్రకటన, మద్రాసు ధరవరలు, పక్కన చీరాల కబురు.

చీరాల, పేరాలను కలిపి పురపాలక సంఘం చేసి పన్నులు పెంచితే, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం పన్ను కట్టకుండా ఊరే ఖాళీ చేసి, ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఎండకూ వానకూ ఓర్చి, పసిపిల్లలతో. ఇదంతా మాకు తెలిసిన కథే. కానీ అచ్చులో, ఆ నాటి తేదీ కింద, "పేరాల" అన్న మాట కనబడేసరికి నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పేజీలో నాన్నగారి నాయనమ్మ పేరు లేదు, ఉంటుందని మేమూ అనుకోలేదు. ఆవిడ నడిచిన దారి ఉంది, చాలు.

ఫొటో తీసుకోవచ్చా అని అడిగాం, ఫ్లాష్ వేయకుండా తీసుకోమన్నారు. ఉద్యోగుల సాయానికి నేను నూటికి నూరు వేస్తాను. ఉక్క మాత్రం తప్పదు, మంచినీళ్ళ సీసా వెంట ఉంచుకోండి, కాకపోతే బల్లకు దూరంగా. వచ్చేముందు మాకు తోచింది విరాళంగా ఇచ్చి రసీదు తీసుకున్నాం. వెళ్ళేవాళ్ళు తప్పకుండా ఇవ్వండి. ఒక్క సంపుటం బాగుచేయించాలన్నా చాలా పని ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో వేటపాలెం జీడిపప్పు కొన్నాం. గుండు పప్పు పాయసానికి, బద్దలు ఉప్మాకు. ధర విజయవాడ కన్నా తక్కువే, కానీ రెండు కొట్లలో అడిగి కొనండి.

అంతకుముందు, గ్రంథాలయం నుంచి బయటికి వస్తుంటే సందర్శకుల పుస్తకంలో సంతకం చేయమన్నారు. నాన్నగారు పేరు రాశారు. ఊరు అన్న గడి దగ్గర కలం ఆగింది. యాభై ఏళ్ళుగా ఆయన ఉంటున్నది విజయవాడలో. కాసేపు ఆగి, గుండ్రటి అక్షరాలతో "పేరాల" అని రాసి, నా చేతికి కలం ఇచ్చారు.