వెల్లంపల్లి రేవుకు వెళ్తున్నారా? ఆటో రెండు గంటలు ఆగేలా బేరం చెయ్యండి

ఒంగోలు బస్టాండు దగ్గర ఆటో అతను రానూపోనూ 700 అన్నాడు, అక్కడ గంటసేపు ఆగడంతో కలిపి. దిగేటప్పుడు 1,000 అడిగాడు. ఎంత వాదించినా 850 దగ్గర గానీ తెగలేదు. మాతో వచ్చిన పెద్దావిడకు మనసు విరిగిపోయి, తర్వాత ఏం చూపించినా "సరే, చూశాంగా" అనడమే. కాబట్టి బేరం గంటకు కాదు, రెండు గంటలకు, ‘ఆగినదానికి వేరే ఇచ్చేది లేదు’ అని నోటితో అనిపించుకుని మరీ ఎక్కండి. ఆదివారం పల్లె చర్చిలో ఆరాధన గంటలో ముగియదు.

చాలామంది ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ప్రార్థించిన చోటు అది. చూడదగ్గదే, అరగంట చాలు. అసలు చూడాల్సింది మాత్రం వేలమంది బాప్తిస్మం తీసుకున్న వెల్లంపల్లి రేవు, అది ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, మద్దిపాడు మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉంది.

1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. పనులు ఆగాక కూడా బాప్తిస్మం కోసం జనం రావడం ఆగలేదు. ఒంగోలులో మశూచి ఉందని వాళ్ళను వెల్లంపల్లికి రమ్మన్నారు. అక్కడ బాప్తిస్మం పొందినవాళ్ళు 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536. అంతమందిని నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇవ్వడం ఎలా కుదిరిందని అనుమానించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, నీళ్ళలో ఒక్కసారికి ఇద్దరు, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. 2,222 మంది వచ్చిన 3వ తేదీన క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ పని పూర్తిగా మనవాళ్ళ చేతుల మీదే నడిచింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్ళు. ఈ మాట తెలిసి చూస్తేనే ఆ రేవు రేవులా కనిపిస్తుంది, లేకపోతే ఇసుక, సర్కారు తుమ్మ. ఎండాకాలం అసలు వద్దు. వానలు పడ్డాక వెళ్ళండి, అప్పుడైనా లోతు తెలియని నీళ్ళలో దిగకండి.

ఈ చుట్టుపక్కల ఏ పల్లె మందిరానికి (చర్చికి) వెళ్ళినా పద్ధతి దాదాపు ఒక్కటే. చెప్పులు బయట వదలాలి, ఆడవాళ్ళు కొంగు కప్పుకోవాలి, చాప మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. కానుకల సంచి వస్తుంది, పది రూపాయల నోట్లు దగ్గర ఉంచుకోండి. ప్రభు బల్ల (యేసు చివరి విందును తలచుకునే ఆచారం) నాడు రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం పొందినవాళ్ళకే. మిగతావాళ్ళు కూర్చునే ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఫొటోకు పాస్టరు గారిని ముందే అడగాలి, ఆరాధన మధ్యలో లేచి తీయకూడదు.

కుదిరితే పంట ఇంటికొచ్చాక చేసే కోత పండుగకు వెళ్ళండి. మేం చూసిన పల్లెలో బల్ల ముందు వడ్లు, కందులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం. అక్కడ ధర బజారు లెక్కన ఉండదు: 40 రూపాయల గుమ్మడికాయ 300కు పోయింది, కొన్నవాడు దాన్ని మళ్ళీ మందిరానికే ఇచ్చేస్తే రెండోసారి 260 పలికింది. డబ్బు మందిరం ఖర్చులకట. తర్వాత ప్రేమ విందు: విస్తరాకులో అన్నం, కోడికూర, చారు. ఎవరు, ఏ ఊరు అని అడక్కుండానే రెండోసారి వడ్డించారు. పెద్దావిడ ముఖం తేటపడింది అక్కడే.

ఒంగోలులో గది 1,100, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిచ్చారు, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. జనవరి 1కి కొండ మీద తెల్లవారి ప్రార్థనకు వచ్చేవాళ్ళు మాత్రం గది ముందే మాట్లాడుకోండి. బకింగ్‌హామ్ కాలువ చూడాలంటే కొత్తపట్నం దారి పట్టండి, దానికి బస్సు చాలు.